మా నాయినమ్మకు సర్టిఫికెట్ లేదు

మేము బ్యాగరోళ్లం. ఎస్సీల జాబితాలో మా పేరు ఉంటది గాని ఉద్యమ సభల్లో వినబడదు. మమ్మల్ని మాలల్లో కలిపి చెప్తరు. ఊర్లె ఎవరు చచ్చినా బొంద తవ్వింది మేమే, కట్టె పేర్చింది మేమే, చావు కబురు మోసుకొని చుట్టాల ఊర్లకు నడిచింది మేమే. బేగార్ అంటే ఉర్దూలో కూలి ఇయ్యకుండ చేయించుకునే పని. అందరికీ వాళ్లు చేసే పనిని బట్టి కులం పేరు వచ్చిందంటరు. మాకు మాత్రం కూలి ఇయ్యకపోవడాన్ని బట్టి వచ్చింది.

ఈ మాట కాగితం మీద రాయడానికి నాకు ముప్పై ఆరేండ్లు పట్టింది. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే, డిగ్రీ చదివింది నేనే. సాంఘిక సంక్షేమ హాస్టల్లో నీళ్ల చారు తాగి చదివి, 2012 డీఎస్సీలో టీచరు ఉద్యోగం తెచ్చుకున్నాను. స్టాఫ్ రూములో ఎవరన్నా "మీరేమిట్లు?" అనడిగితే "ఎస్సీ" అని ఊరుకునేదాన్ని. "ఎస్సీల ఏంది?" అని మళ్లీ అడిగితే "మాల" అనేదాన్ని. బ్యాగరి అని చెప్తే అవతలి మనిషి కండ్లల్లో పార, గడ్డపార, పీనుగ కనబడతయని నా భయం. ఆ భయం ఎట్ల పోయిందో చెప్పాలంటే మా నాయినమ్మ దగ్గర మొదలుపెట్టాలె.

మా తాత బొందలు తవ్వేవాడు. నాయినమ్మ పని అంతకన్నా ముందే మొదలయ్యేది. ఊర్లె పెద్ద ఇండ్లల్లో ముసలోళ్లు మంచాన పడి, లేవలేక, పక్క తడుపుకుంటుంటే నాయినమ్మను పిలిచేవాళ్లు. సొంత కొడుకులు, కోడండ్లు ముక్కు మూసుకొని దూరం జరిగిన మనిషిని ఆమె దగ్గరికి తీసుకునేది. వేపాకు వేసి కాచిన నీళ్లతో పుండ్లు కడిగేది. గంట గంటకూ పక్క మార్చి పండబెట్టేది. దూది దొరకదు గనుక పాత చీర పీలిక నీళ్లల్లో ముంచి పెదవులు తడిపేది.

నాకు తొమ్మిదేండ్లప్పుడు ఒకసారి ఆమె వెంట పటేలు ఇంటికి పోయాను. పటేలు వాళ్ల అవ్వను బయటి దొడ్డి పక్క అర్రలో వేసిండ్రు. నాయినమ్మ ఆమె కాళ్ల దగ్గర కూచుని వేళ్లు పట్టి చూసింది. దుప్పటి ఎత్తి మోకాళ్లు చూసింది. ముసలామె ఊపిరి పెద్దగా, ఇంకా పెద్దగా తీసి, మళ్లీ చిన్నగైపోయి, కాసేపు అసలే ఆగిపోయేది. నేను భయపడి నాయినమ్మ కొంగు పట్టుకున్నాను.

"భయపడకు. ఊపిరి మెట్లెక్కుతున్నది, దిగుతున్నది. జర ఆగుతది, మల్ల ఎక్కుతది" అన్నది నాయినమ్మ.

వాకిట్ల నుంచి పటేలు అడిగిండు. "ఏమే, ఎంతసేపు ఉంటదంటవ్?"

"కాళ్లు సల్లబడ్డయి పటేలా. మోకాళ్లకాడ మచ్చలు తేలినయి. రేపటి పొద్దు జూడది. బిడ్డలకు కబురు తోలుండ్రి."

కబురు తోలేది ఎవర్ని? మా తాతనే.

ఆ రాత్రి నాయినమ్మ ముసలామె చెవి దగ్గర వంగి ఏదో చెప్తనే ఉన్నది. "నీ బిడ్డలు మంచిగున్నరు తల్లీ. బర్రె ఈనింది. నువ్వు ఇంక దేనికీ రంది పెట్టుకోకు" అంటున్నది. "ఇంటదా?" అనడిగితే "చెవులు ఆఖరికి పోతయి" అన్నది. తెల్లారక ముందే ముసలామె జీవిడిసింది. అప్పుడు ఇంట్ల ఆడోళ్లంతా ఏడ్చుకుంట ఉరికొచ్చిండ్రు. "నువ్వు ఇంక అవతలికి పో" అన్నరు నాయినమ్మను. ఆమె కూచున్న జాగల పేడనీళ్లు చల్లిండ్రు. బతికున్నన్ని రోజులు ఉచ్చ, పియ్యి, చీము ఎత్తిన చేతులకు ఆ ఇంటి కడవ ముట్టే హక్కు లేదు. నీళ్లు అడిగితే వాకిట్ల కూచోబెట్టి దోసిట్లో పైనుంచి పోసిండ్రు.

దీనికి కూలి ఏంది? పంట కల్లంకాడికి పోయి అడుక్కుంటే చారెడు మేర గింజలు. పీనుగ మీద కప్పిన బట్ట. మూడో తరగతిలో నేను తొడుక్కున్న లంగా అట్ల వచ్చిన చీరలోంచి కుట్టిందే. బడిల ఒక పిల్ల గుర్తుపట్టి "గిది మా అమ్మమ్మ మీద కప్పిన చీర" అన్నది. అంతే, పిల్లలంతా నా పక్కనుంచి లేచి జరిగి కూచున్నరు. పంతులు చూసి కూడ ఏం అనలేదు. ఇప్పుడు నేను టీచర్ని గనుక ఆ పంతులు మీద నాకు ఇంకా ఎక్కువ కోపం.

1999లో నాయినమ్మ చచ్చిపోయింది. కడుపుల గడ్డ. నెల రోజులు నొప్పికి మెలికలు తిరిగింది. ఊరందరి ఆఖరి గడియలకు కాపలా కాసిన మనిషి పక్కన కూచోవడానికి ఊర్లెనుంచి ఒక్కరు రాలేదు. బొంద తవ్వడానికి వేరే కులం ఉండదు గద మాకు. మా నాయిన తన తల్లి బొంద తనే తవ్విండు. పైకెక్కి వచ్చి గడ్డపార తీసుకపోయి పాడుబడ్డ బాయిలో పారేసిండు. "నా బిడ్డలకు ఈ పని రావొద్దు. రానియ్య" అన్నడు. పటేండ్లు పిలిపించిండ్రు, బెదిరించిండ్రు, పొలం పనులకు పిలవడం మానేసిండ్రు. నాయిన పట్నం పోయి అడ్డా మీద నిలబడి సిమెంటు పని చేసిండు. ఆ డబ్బుల మీదనే నేను చదువుకున్నాను.

నాయిన అనుకున్నట్టే అయింది. మాకు ఆ పని రాలేదు. రాకపోవడమే నాకు గర్వంగా ఉండేది. కాని 2016లో ఆయన నోట్లో పుండు క్యాన్సరని తేలి, పట్నంలో పెద్ద దవాఖాన వాళ్లు "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీస్కపోండి" అన్నప్పుడు ఆ గర్వం ఎందుకూ అక్కరకు రాలేదు.

పందొమ్మిది రాత్రులు. నాకు జీతం ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, బీఈడీ పట్టా ఉంది. నా కండ్ల ముందర నాయిన దిండు నోట్లో కుక్కుకొని అరుస్తుంటే ఏం చెయ్యాలో తెలియలేదు. దవాఖాన వాళ్లు రాసిచ్చిన గోలీలు జ్వరానికి వేసుకునేటివి. చివరి రెండు రోజులు ఆయన ఏమీ మింగలేదు. నీళ్లు లేక చచ్చిపోతడేమోనని నేను చెంచాతో నోట్లో పోస్తనే ఉన్నాను. పొలమారి, ఊపిరాడక, ఎగబోసి, కండ్లు తేలేసిండు. మళ్లీ పోశాను. ప్రేమతోనే పోశాను. అది తప్పని నాకు చెప్పేవాళ్లు లేరు. చెప్పగలిగే మనిషి పదిహేడేండ్ల కింద మట్టిలో కలిసింది.

2018 వేసవి సెలవుల్లో జిల్లా దవాఖానలో ఉపశమన చికిత్స వలంటీర్లకు మూడు రోజుల శిక్షణ అని తెలిసి పోయాను. ఎందుకు పోయానో ఇంట్లో చెప్పలేదు. నాకు ఆ చెంచా సంగతి తేల్చుకోవాలని ఉంది. రెండో రోజు నర్సమ్మ చెప్పింది. చివరి రోజుల్లో మనిషికి ఆకలి, దాహం తగ్గిపోతయి, ఒళ్లు తనంతట తనే మూసుకుంటది, మింగలేని మనిషికి బలవంతంగా పోస్తే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతయి, తడిగుడ్డతో నోరు తడిపితే చాలు అని. నేను బయటికొచ్చి మెట్ల మీద కూచుని ఏడ్చాను. తడిగుడ్డ! మా నాయినమ్మ పాత చీర పీలిక!

అక్కడే మార్ఫిన్ సంగతి తెలిసింది. క్యాన్సర్ నొప్పికి మెట్టు మెట్టుగా మందు ఎట్ల ఇవ్వాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. మామూలు గోలీలతో మొదలుపెట్టి, తగ్గకపోతే మార్ఫిన్ దాకా పోవాలె. నాలుగు గంటలకొకసారి నోటి ద్వారా ఇచ్చే గోలీ అది. అంత ఖరీదు కూడా కాదు. మన దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో సర్కారు లైసెన్సు మీద నల్లమందు పండిస్తరు, బయటి దేశాలకు అమ్ముతరు. కాని 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టానికి భయపడి దవాఖానలు మార్ఫిన్ పెట్టుకోవడమే మానేసినయి. 2014లో చట్టాన్ని సవరించి ఆ చిక్కులు తగ్గించిండ్రు. 2016లో మా నాయిన దిండు కొరికిండు. చట్టం మారి రెండేండ్లయినా ఆ సంగతి మా వాడ దాకా రాలేదు. మన దగ్గరికి శిక్షలు రాత్రికి రాత్రి వస్తయి, హక్కులు మాత్రం నడుచుకుంట వస్తయి.

కేరళ గురించి కూడా అక్కడే విన్నాను. 1993లో కోళికోడ్‌లో కొందరు డాక్టర్లు నొప్పి తగ్గించే సొసైటీ ఒకటి మొదలుపెట్టిండ్రు. తర్వాత ఊరి మనుషులే, కూలోళ్లు, టీచర్లు, విద్యార్థులు, వారానికి రెండు గంటలు ఇచ్చి మంచాన పడ్డవాళ్ల ఇండ్లకు పోయే పద్ధతి అక్కడ పెరిగింది. 2008లో ఆ రాష్ట్ర సర్కారు దీనికొక విధానమే తెచ్చింది. అంటే ఇది ఒక కులం నెత్తిన రుద్దే పని కాదు, ఊరంతా పంచుకోవచ్చు అని నాకు మొదటిసారి తోచింది.

నాలుగేండ్లు ఆదివారాలు నర్సమ్మ వెంట తిరిగాను. 2022 వేసవిలో హైదరాబాదులో ఒక సంస్థ 'ఎండ్ ఆఫ్ లైఫ్ డౌలా' అని పై శిక్షణ పెట్టింది. అప్పటికే పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లకు అయిదు రోజులు. ఫీజు నా జీతంలో మంచి వంతే పోయింది. ఏసీ హాలు, గుండ్రంగా వేసిన కుర్చీలు, మధ్యలో కొవ్వొత్తి. ముప్పై మందిమి. ఎక్కువమంది పట్నం ఆడవాళ్లు. మంచివాళ్లే, దుఃఖం చూసినవాళ్లే. అది కాదనను.

డౌలా అనే మాట ఎక్కడిదో మొదటి రోజే చెప్పిండ్రు. గ్రీకు మాట. డానా రాఫెల్ అనే మానవశాస్త్రవేత్త 1970లలో కాన్పు దగ్గర తోడుండే ఆడమనిషికి ఆ పేరు వాడింది. 2003లో న్యూయార్క్‌లో హెన్రీ ఫెర్స్కో వైస్ అనే సోషల్ వర్కర్, పుట్టుక దగ్గర తోడున్నట్టే చావు దగ్గర కూడా తోడుండాలని వలంటీర్లను తయారుచేసిండు. 2015 నాటికి అక్కడ దీనికి సంఘాలు, కోర్సులు, సర్టిఫికెట్లు వచ్చినయి. అంతా విన్నాక నేను పక్కామె ఫోన్లో ఆ గ్రీకు మాటకు అసలు అర్థం వెతికించాను. బానిస ఆడమనిషి అని ఉంది.

నాకు నవ్వొచ్చింది. వాళ్ల బానిస మాట సముద్రాలు దాటి ఏసీ హాల్లో కొవ్వొత్తి పక్కన కూచుంది. మా బేగారి మాట మాత్రం ఇంకా ఊర్ల తిట్టుగానే ఉంది.

పరిచయాలప్పుడు ఒక్కొక్కరిని అడిగిండ్రు. "ఈ శిక్షణలకు రాకముందు మీ కుటుంబంలో ఎవరికైనా ఇటువంటి పనితో సంబంధం ఉందా?" ఒకామె వాళ్ల అత్త నర్సని చెప్పింది. ఒకాయన తన తండ్రి హోమియో డాక్టరని చెప్పిండు. నా వంతు వచ్చింది. "లేదు" అన్నాను.

ఆ ఒక్క మాట అయిదు రోజులు నన్ను తిననియ్యలేదు, పండనియ్యలేదు.

ఎందుకంటే వాళ్లు చెప్పేదంతా నాకు తెలిసిందే. చివరి గంటల్లో ఊపిరి పెరిగి, తగ్గి, ఆగి, మళ్లీ మొదలవడాన్ని చెయిన్ స్టోక్స్ శ్వాస అంటరట. పందొమ్మిదో శతాబ్దంలో డబ్లిన్‌లో పనిచేసిన ఇద్దరు డాక్టర్ల పేర్లు అవి. మెట్ల ఊపిరి! మోకాళ్ల మీద మచ్చలు రావడం, పాదాలు చల్లబడటం, గొంతులో గురగుర వస్తే పక్కకు తిప్పి పండబెట్టడం, వినికిడి చివరిదాకా ఉండొచ్చు గనుక మాట్లాడుతూనే ఉండటం, 'మేం బాగున్నం, నువ్వు నిమ్మళంగ పో' అని చెప్పడం. ఒక్కొక్కటి తెర మీద పడుతుంటే అందరూ రాసుకుంటున్నరు. నాకు తొమ్మిదేండ్ల వయసు, పటేలు దొడ్డి వాసన, కొంగు పట్టుకున్న చెయ్యి యాదికొస్తున్నయి.

మూడో రోజు ఒక అభ్యాసం ఇచ్చిండ్రు. మీ చావు ఎట్లుండాలనో రాయండి. ఏ గదిలో, ఏ సంగీతం, కిటికీలోంచి ఏం కనబడాలె, ఏ వాసన ఉండాలె. నాయిన చచ్చిన ఇల్లు ఒక్క అర్ర. వంట అందులోనే, మంచం అందులోనే. నేను "నొప్పి ఉండొద్దు" అని ఒక్క లైను రాసి కాగితం మడిచాను. ఇంకో అభ్యాసం, చనిపోయే మనిషి జ్ఞాపకాలతో ఆల్బం తయారుచేయడం. నాయిన ఫొటోలు మా ఇంట్లో రెండే, ఆధార్ కార్డు మీద ఒకటి, రేషన్ కార్డు మీద ఒకటి. నాయినమ్మకు అవి కూడా లేవు. ఆ ఇద్దరి ఆల్బంలో నేను ఏం అంటించాలె?

సిసిలీ సాండర్స్ గురించి గొప్పగా చెప్పిండ్రు. నిజంగా గొప్ప మనిషే. నర్సుగా చేసి, సోషల్ వర్కరై, ఆ తర్వాత డాక్టరు చదివి, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. చనిపోయేవాళ్ల నొప్పి ఒక్క ఒంటిదే కాదని, మనసుది, సంఘానిది, ఆత్మది కూడా కలిసి ఉంటదని చెప్పింది. దీన్ని నాలుగు గడులుగా గీసి మాకు ఇచ్చిండ్రు. నేను ఆ కాగితం చాలాసేపు చూశాను. కడిగిన చేతుల మీద పైనుంచి నీళ్లు పోయించుకున్న నొప్పిని ఏ గడిలో రాయాలె? సంఘం అన్న గడిలో డబ్బు ఇబ్బంది, ఒంటరితనం, కుటుంబ తగాదా అని రాసి ఉంది. కులం అని లేదు. రోగి కులం లేదు, పక్కన కూచున్న మనిషి కులం అసలే లేదు.

చివరి రోజు ఒకామె లేచి "మన దేశంలో చావు దగ్గర తోడుండే సంప్రదాయమే లేదు, మనమే మొదలుపెడుతున్నాం" అన్నది. ఇంక నేను ఆగలేకపోయాను. లేచి నిలబడ్డాను. కాళ్లు వణుకుతున్నయి.

"మొదటిరోజు నేను అబద్ధం చెప్పిన. మేము బ్యాగరోళ్లం. మా నాయినమ్మ నలభై ఏండ్లు ఈ పని చేసింది. మీరు అయిదు రోజులు రాసుకున్నది ఆమెకు నోటికొచ్చు" అన్నాను. అర్ర, పేడనీళ్లు, మేర గింజలు, చీర లంగా అన్నీ చెప్పాను. హాలంతా నిశ్శబ్దం. కొందరు కండ్లు తుడుచుకున్నరు. తర్వాత ఒక పెద్దామె వచ్చి నా చేతులు పట్టుకున్నది. "మీరెంత అదృష్టవంతులమ్మా! ఇది మీ రక్తంలోనే ఉంది."

ఆమె ప్రేమగానే అన్నది. కాని నా చేతులు వెనక్కి తీసుకున్నాను.

"రక్తంలో లేదు మేడం. ఎట్టిలో ఉండె. రక్తంలో ఉంటే మా నాయినకు నేను చెంచాతో నీళ్లు పోసేదాన్ని కాదు" అన్నాను.

ఇది చదివే విద్యార్థులకు, ఉద్యమంలో ఉన్న అన్నలకు, అక్కలకు నేను చెప్పాలనుకున్నది ఇక్కడ ఉంది. మన పనులు రక్తంలో ఉన్నయని చెప్పిందే మనువు. పొగడ్తగా చెప్పినా, తిట్టుగా చెప్పినా అది అదే మాట. నాయినమ్మకు ఆ పని వచ్చింది పుట్టుకతో కాదు. తప్పించుకునే వీలు లేక ఎన్నో చావులను దగ్గరనుంచి చూడటంతో వచ్చింది. అది విద్య. దొంగిలించబడిన కూలితో సంపాదించిన విద్య. డప్పును, చెప్పును మనం తలెత్తుకొని సాహిత్యంలోకి తెచ్చుకున్నం. చచ్చేవాని నోరు తుడిచిన గుడ్డపీలికను ఇంకా తెచ్చుకోలేదు. అది కూడా తేవాలె.

కాని తెచ్చి దండేసి ఊరుకుంటే మోసపోతం. మహారాష్ట్రలో చావు కబురు మోయడం మహర్లకు వతన్ పనుల్లో ఒకటి. 1928లో అంబేద్కర్ బొంబాయి శాసనమండలిలో ఆ వతన్ చట్టాన్ని మార్చే బిల్లు పెట్టిండు. ఆయన ఆ పనిని పవిత్రమనలేదు, దానికింద నలిగే మనుషులను విడిపించాలన్నడు. మా నాయిన ఆ బిల్లు పేరు వినలేదు గాని బాయిలో గడ్డపార పారేసి అదే చేసిండు. ఇయ్యాల మా ఊర్లె బొంద జేసీబీ తవ్వుతది. డ్రైవరుకు గంట లెక్కన పైసలు లెక్కపెట్టి ఇస్తరు. ఎవరూ దోసిట్లో నీళ్లు పొయ్యరు. మా తాత తవ్విన బొందలకు లెక్కా లేదు, పత్రం లేదు.

డౌలాకూ బేగారికీ తేడా మాటలో లేదు. 'నేను రాను' అనే హక్కులో ఉంది. ఆ హక్కు ఉన్న మనిషి చేస్తే అది సేవ. లేని మనిషి చేస్తే అది ఎట్టి.

దీనికి పరీక్ష నాకు 2023లో వచ్చింది. పటేలు కొడుకు మా బడికి వచ్చిండు. నా చిన్నప్పుడు వాకిట్ల నిలబడి "ఎంతసేపు ఉంటదంటవ్" అనడిగిన పటేలే ఇప్పుడు మంచాన పడ్డడు. కొడుకు గేటు దగ్గర నిలబడి అడిగిండు.

"టీచరమ్మా, బాపుకు క్యాన్సరు. దవాఖానోళ్లు ఇంటికి తోలిండ్రు. నువ్వు గీ పని నేర్చుకున్నవంట గద. పక్కపొంటి ఉండనీకె ఒక మనిషి కావాలె. పైసలకు ఎనకాడం."

ఆ రాత్రి అమ్మతో చెప్తే అమ్మ మండిపడ్డది. "మీ నాయిన గడ్డపార ఎందుకు బాయిల ఏసిండే? నువ్వు మల్ల ఆ గడప తొక్కుతవా?" ఆమె కోపం న్యాయమే. పోకపోతే నన్ను ఎవరూ ఏమీ అనరు. పోనని చెప్పే హక్కు నాకు నాయిన సంపాదించి పెట్టిండు. దిండు కొరికే మనిషి అరుపు కూడా నాకు తెలుసు. తెల్లారినాక ఫోన్ చేసి చెప్పాను.

"వస్త. కాని పనిమనిషిగ రాను. మీకు నేర్పనీకె వస్త. కడిగేది మీరే, తుడిచేది మీరే, పక్క మార్చేది మీరే. ఒప్పుకుంటేనే."

పెద్ద దర్వాజ గుండా పోయాను. సర్కారు 'ఆలన' బండిలో వచ్చే నర్సమ్మ అప్పటికే మార్ఫిన్ మొదలుపెట్టింది. కుర్చీ వేసిండ్రు. నీళ్లడిగితే కోడలు వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులో తెచ్చింది. ఇప్పుడు దోసిలి లేదు, ప్లాస్టిక్ గ్లాసుంది. నేను దాన్ని కింద పెట్టి, "స్టీలు గ్లాసుల తెస్తవా అమ్మా" అన్నాను. ఆమె జరసేపు నిలబడ్డది. పోయి తెచ్చింది. తాగి అప్పుడు పని మొదలుపెట్టాను.

కొడుకుకు యాభై ఏండ్లు దాటి ఉంటయి. తండ్రి ఒంటి మీద చెయ్యి వెయ్యడమే రాదు. ఎట్ల పట్టి పక్కకు తిప్పాలో, వీపు కింద దిండు ఎక్కడ పెట్టాలో, గుడ్డ తడిపి నోరు ఎట్ల తుడవాలో చెప్పాను. మొదట మొఖం తిప్పుకున్నడు. రెండో రోజుకు తిప్పుకోలేదు. చెంచా పట్టుకుంటే వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పేటప్పుడు నా గొంతు పూడుకపోయింది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మూడో రోజు పటేలు కండ్లు తెరిచి నన్ను చూసిండు. "ఎవరి బిడ్డవు?" అన్నడు. నాయినమ్మ పేరు చెప్పాను. చాలాసేపటికి అన్నడు. "మా అవ్వ నోరు తడిపింది."

అంతే అన్నడు. తప్పయిందనలేదు. నేను అడగలేదు. ఆ మనిషి గుర్తుపెట్టుకున్నడని మాత్రం తెలిసింది. గుర్తుండి కూడా ఇన్నేండ్లు ఆ పేరు ఒక్కసారి నోటితో అనలేదని కూడా తెలిసింది. రెండూ నిజమే.

ఆరో రోజు తెల్లారుజామున కొడుకు ఫోన్ చేసిండు. "ఊపిరి మెట్లెక్కుతున్నది టీచరమ్మా." ఆ మాట నేనే నేర్పాను. నేను పోయేసరికి తండ్రి చెయ్యి పట్టుకొని చెవి దగ్గర వంగి మాట్లాడుతున్నడు. పటేలు ఆగి, ఆగి, మళ్లీ ఎక్కలేదు. నన్ను ఎవరూ అవతలికి పొమ్మనలేదు. నేను కూచున్న కుర్చీ కింద తర్వాత పేడనీళ్లు చల్లిండ్రో లేదో నాకు తెలియదు. నేను ఎనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు ఈ పని చేస్తున్నాను. ముందు మా వాడలు, తర్వాతనే ఊరు. మన దగ్గర క్యాన్సరు మనిషి ఉంటే మార్ఫిన్ అడగండి. జిల్లా దవాఖానలో అడగండి, లేదంటే ఎందుకు లేదో అడగండి. మింగలేని మనిషికి చెంచాతో నీళ్లు పొయ్యకండి, గుడ్డ తడిపి పెదవులకు అద్దండి. మీ ముసలోళ్లు బతికుండంగనే ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఈ మూడు మాటలకు సర్టిఫికెట్ అక్కర లేదు.

మొన్న ఇంకో శిక్షణకు దరఖాస్తు నింపాను. 'పూర్వానుభవం' అని ఒక గడి ఉంది. అందులో నాయినమ్మ పేరు రాసి, కులం బ్యాగరి అని రాసి, పక్కన "నలభై ఏండ్లు, కూలి లేకుండ" అని రాశాను. అమ్మ చూసి ఏం రాసినవనడిగింది. చదివి వినిపించాను. అమ్మకు చదువు రాదు గాని కాగితం చేతిలోకి తీసుకొని, నాయినమ్మ పేరు ఎక్కడుందో చూపించమన్నది. చూపించాను. దాని మీద వేలు పెట్టి జరసేపు అట్లనే కూచున్నది.